పిలకాయల బస్సు

ఉదయగిరిలో కొండ దిగువ వీధిలో షంషుద్దీన్ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ షంషుద్దీన్ అని ఎదురు అడిగేవాళ్లు. బస్సు షంషుద్దీన్ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గుమ్మం ముందు నిలబెట్టేవాళ్లు. వాళ్ల నాయన కొయ్య గరిటెలు చెక్కేవాడు. కొడుకు కూడా పక్కన కూర్చుని ఆ పనే నేర్చుకుంటాడని ఆశపడ్డాడు గానీ, షంషుద్దీన్‌కి కూర్చుని చేసే పని పడలేదు. మీసాలు రాకముందే ఆత్మకూరు పోయి లారీకి క్లీనరుగా చేరాడు. కొన్నేళ్లకు డ్రైవరయ్యాడు. పెళ్లయ్యాక, ఇంటికి దగ్గరగా ఉండొచ్చని గోవిందయ్య బస్సు ఎక్కాడు.

గోవిందయ్యది ఆత్మకూరు. ఆయన బస్సు పొద్దున్నే సీతారామపురం అవతల కొండల కింద ఉన్న నల్లగుండ్లపల్లెలో బయలుదేరి, ఉదయగిరి మీదుగా మధ్యాహ్నానికి ఆత్మకూరు చేరేది. సాయంత్రానికి మళ్లీ నల్లగుండ్లపల్లెకే పోయి ఆ రాత్రికి అక్కడే ఆగేది. ఉదయగిరి బస్టాండులో బస్సు కాసేపు ఆగినప్పుడు భార్య బీబీజాన్ టిఫిను గిన్నె తెచ్చి ఇచ్చేది. వారంలో చాలా రోజులు వాళ్ల కాపురం ఆ కాసేపే. అతనికి మాటలు తక్కువ, కోపం ఇంకా తక్కువ. ఎవరైనా చెయ్యెత్తితే పొలాల మధ్యనైనా ఆపేవాడు.

ఆపని చోటు ఒకటే ఉండేది. నల్లగుండ్లపల్లెకు ముందు ఒక వాగు ఉంది. వాగుకు ఈవల క్రైస్తవుల పాళెం, ఆవల ఊరు. బస్సు పాళెం ముందునుంచే పోయేది గానీ అక్కడ ఆగేది కాదు. అక్కడ ఆపితే సందడి ఎక్కువవుతుందని ఊరి మునసబు నారాయణయ్య మొదట్లోనే గోవిందయ్యతో చెప్పాడు. గోవిందయ్య సరేనన్నాడు. ఆ మాటే షంషుద్దీన్‌కి ఆర్డరుగా అందింది. అతను దాని గురించి రెండోసారి ఆలోచించలేదు.

డెబ్భై ఏడో సంవత్సరం ఎండాకాలంలో ఒక సాయంత్రం, బస్సు పాళెం దాటి వాగులోకి దిగబోతుండగా గట్టు వెనకనుంచి ఒక రాయి వచ్చి ముందద్దానికి తగిలింది. అద్దం భళ్లున పగిలింది. ఒక పెంకు షంషుద్దీన్ ఎడమ కనుబొమ మీద గుచ్చుకుంది. కన్ను రక్తంతో నిండిపోయినా అతను బ్రేకు మీదనుంచి కాలు తీయలేదు. బస్సు ఇసకలో ఒరిగి నిలబడింది. లోపలివాళ్లకు ఏమీ కాలేదు. కండక్టరు ఖాజావలి దూకి గట్టెక్కి చూస్తే, కంపచెట్లలోంచి నలుగురైదుగురు కుర్రాళ్లు పరుగెత్తుతున్న వీపులు తప్ప ఏమీ కనిపించలేదు.

సీతారామపురంలో కాంపౌండరు కుట్లు వేశాడు. గోవిందయ్య సంగతి తెలిసి మండిపడ్డాడు. రాయేసినవాణ్ని అప్పగించేదాకా తన బస్సు ఆ ఊరికి పోదని కబురంపాడు. నారాయణయ్య ఊళ్లో కుర్రాళ్లందర్నీ ఒక్కొక్కరినే పిలిపించి గద్దించాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. కొందరు భయపడి గొర్రెలు తోలుకుని కొండల్లోకి పోయారు. బస్సు సీతారామపురం దగ్గరే వెనక్కి తిరిగిపోతుండడంతో జబ్బు చేసినవాళ్లూ, సంతకు పోయేవాళ్లూ అందరూ ఎండలో నడవాల్సి వచ్చింది.

ఇంట్లో పడుకున్న షంషుద్దీన్‌కి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉండింది. ఆ ఊరి కుర్రాళ్లలో సగం మందిని అతను పేరు పెట్టి పిలుస్తాడు. ఇసకలో చక్రం దిగబడితే వచ్చి తోసేది వాళ్లే. వాళ్లకు తనేం చేశాడు? ఆ ఆలోచన అతన్ని వదల్లేదు. కట్టు విప్పిన మర్నాడే వేరే బస్సెక్కి సీతారామపురంలో దిగి, నల్లగుండ్లపల్లెకు నడక మొదలుపెట్టాడు. ఎందుకు పోతున్నావని బీబీజాన్ అడిగితే, అడిగి తెలుసుకోవడానికి అన్నాడు.

పాళెం చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. మొదటి ఇంటి ముందు ఆగి నీళ్లడిగాడు. చెంబుతో నీళ్లు తెచ్చిన పిల్లను గుర్తుపట్టాడు. లిదియమ్మ. సీతారామపురం హైస్కూల్లో తొమ్మిదో తరగతి. పుస్తకాల సంచితో పొద్దున్నే వాగు దాటి ఊళ్లోకి వచ్చి, నారాయణయ్య ఇంటి మలుపులో బస్సు కోసం నిలబడేది. కొన్ని నెలలుగా కనిపించడం లేదన్న సంగతి అతనికి అప్పుడే తట్టింది. బడి మానేశావా అని అడిగాడు.

"మానేసినాను," అంది లిదియమ్మ.

"ఎందుకుమా?"

ఆ పిల్ల కాసేపు అతని కనుబొమ మీది మచ్చనే చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మీ బస్సు మా ఇంటి ముందర్నించే పోతాది. చెయ్యెత్తితే ఆగదు. వాగు దాటి పోయి ఆ మలుపులో నిలబడితే, అరుగు మీదోళ్లు ఎందుకొచ్చినావు, అంత దూరం నిలబడు అంటారు. రోజూ అనిపించుకునేదానికి నాకు మనసొప్పలా. మా అన్న కూడా పోవద్దన్నాడు."

షంషుద్దీన్ చెంబు కింద పెట్టాడు. వాళ్ల అన్న ఎవరని అడిగాడు. ప్రేమానందం అంది. బస్సును తోసే కుర్రాళ్లలో అందరికన్నా ముందు చెయ్యి వేసేది ఆ ప్రేమానందమే. పదో తరగతి తప్పి రెండేళ్లయింది. షంషుద్దీన్ ఇంకేమీ అడగలేదు. మీ అన్నను తీసుకుని సాయంత్రం ఊళ్లోకి రా అని మాత్రం చెప్పి వాగు దాటాడు.

ఆ సాయంత్రం బడి వరండాలో ఊరి పెద్దలు చేరారు. సాయిబు తనే నడిచి వచ్చాడంటే దోషి పేరు తెలిసిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. షంషుద్దీన్ అందుకు భిన్నంగా, ఊళ్లోనూ పాళెంలోనూ ఉన్న కుర్రాళ్లనూ, చదువుకునే ఆడపిల్లలనూ పిలిపించమని కోరాడు. నారాయణయ్య నవ్వాడు.

"పిలకాయల్ని పిలిచి ఏం చేస్తావు సాయిబూ? వాళ్లకేం తెలుసు?"

"తెలుసో తెలవదో మనం ఎప్పుడూ అడగలేదు గదా మునసబయ్యా. బస్సు తోసేటప్పుడు పిలస్తా ఉండాం. మాట్లాడేటప్పుడు కూడా పిలిస్తే ఏమవతాది?"

పిలిపించడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవాళ్లు వరండా ఎక్కకుండా కిందే నిలబడ్డారు. పాళెంవాళ్లు ఇంకా దూరంగా నిలబడ్డారు. షంషుద్దీన్ లేచి తనూ మెట్లు దిగి వాళ్ల మధ్య నిలబడ్డాడు. రాయెవరు వేశారని తను అడగబోవడం లేదని, ఎవరైనా చెప్పబోయినా విననని ముందే చెప్పాడు. బస్సు మీద ఎందుకంత కోపమో చెబితే చాలన్నాడు.

మొదట ప్రేమానందం ఒక అడుగు ముందుకు వేశాడు. పాళెం ముందు బస్సు ఆగదని, ఆపొద్దని ఎవరు నిర్ణయించారో తమకు తెలియదని, తమ పాళెంలో ఎవర్నీ ఎవరూ అడగలేదని చెప్పాడు. అతను ఆపగానే ఊళ్లోని మాలకొండయ్య అందుకున్నాడు. ఇతను నారాయణయ్యకు అన్న కొడుకు. వాగులో బస్సు దిగబడితే పెద్దలు లోపలే కూర్చుంటారని, తాము మోకాటి లోతు ఇసకలో దిగి తోస్తామని, ఒడ్డెక్కగానే తమను టాపు మీదికి ఎక్కమంటారని అన్నాడు. సొంత అన్న కొడుకే అలా మాట్లాడేసరికి నారాయణయ్య మొహం ముడుచుకుంది. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు నోరు విప్పారు. పరీక్షల రోజుల్లో సీటు దొరకని సంగతి, సంత రోజు గొర్రెల మధ్యా గంపల కిందా నలిగే సంగతి అన్నీ బయటికి వచ్చాయి.

బస్సు ఎక్కడ ఆగాలో మీరే చెప్పండి అన్నాడు షంషుద్దీన్. కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి లిదియమ్మ అంది: "వాగుకు ఆ పక్క ఒక చోట, ఈ పక్క ఒక చోట. మలుపులో వద్దు. బడి ముందర ఆగితే ఎవురైనా నిలబడొచ్చు."

బడి ఎవరి అరుగూ కాదు. ఆ మాటకు పెద్దల్లో ఎవరికీ అడ్డు చెప్పడానికి ఏమీ దొరకలేదు. నారాయణయ్య మాత్రం, బస్సు వస్తే కదా ఎక్కడ ఆగేదీ చెప్పుకోవడానికి అని లేచి వెళ్లిపోయాడు.

ఆయన అన్నదీ నిజమే. గోవిందయ్యను ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. పేరు తెస్తావనుకుంటే కబుర్లు తెచ్చావా అని ఆయన కసిరాడు. ఒక పేరు తెస్తే ఒకణ్ని పట్టిస్తారని, అద్దాలు మాత్రం పగులుతూనే ఉంటాయని షంషుద్దీన్ చెప్పాడు. వాగులో చక్రాల మీది కమాను పట్టీలు విరగని నెల లేదని, ఆ వాగు బాగుచేసే పని కుర్రాళ్లు మీదేసుకుంటామన్నారని కూడా చెప్పాడు.

"ఒక నెల చూస్తా," అన్నాడు గోవిందయ్య. "మళ్లీ అద్దం పగిలిందనుకో, బస్సుతో పాటు నువ్వూ నిలబడిపోతావు."

షంషుద్దీన్ ఒప్పుకున్నాడు.

వాగు పని మొదలైన రోజు అతను కూడా చొక్కా విప్పి దిగాడు. ఊరి కుర్రాళ్లూ పాళెం కుర్రాళ్లూ కలిసి కొండ వాలునుంచి బండరాళ్లు దొర్లించుకొచ్చి, బస్సు చక్రాలు నడిచే మేర ఇసకలో పరిచారు. ఆడపిల్లలు గంపలతో గులకరాళ్లు మోసి సందులు నింపారు. మొదట్లో రెండు గుంపులూ చెరోవైపునుంచి పని చేసుకుంటూ వచ్చాయి. నడుమకు వచ్చేసరికి ఎవరి రాయి ఎవరిదో తెలియకుండా పోయింది. పెద్ద బండలు కదలకపోతే బండి కావాల్సి వచ్చింది. నారాయణయ్య పాలేరు ఎద్దులబండి తోలుకొచ్చి, మునసబయ్య తోలుకుపొమ్మన్నాడని చెప్పి నిలబడ్డాడు. మునసబయ్య మాత్రం రాలేదు.

బస్సు తిరిగి వచ్చింది. కొత్త అద్దం మెరుస్తూ పాళెం ముందు ఆగింది. తెల్లారి లిదియమ్మ తన ఇంటి ముందే బస్సెక్కింది. కుర్రాళ్లు తమకు తామే బస్సు కమిటీ అని పేరు పెట్టుకున్నారు. ప్రేమానందం, మాలకొండయ్య, లిదియమ్మ, ఇంకొందరు. జబ్బు చేసినవాళ్లు, నిండు గర్భిణులు, పరీక్షలకు పోయేవాళ్లు ముందెక్కాలని నియమం పెట్టారు. వానలు పడ్డాక వాగులో కొట్టుకుపోయిన రాళ్లు మళ్లీ పరిచారు. ఖాజావలి టిక్కెట్లు కొడుతుంటే వాళ్లే జనాన్ని వరసలో నిలబెట్టేవాళ్లు.

అయితే అధికారం కొత్తగా చేతికొస్తే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది. ఒక సంత రోజు గొర్రెల కామయ్య రెండు మేకలతో వస్తే, టాపు మీద మేకలు వద్దని కమిటీ తీర్మానించిందని మాలకొండయ్య అతన్ని దించేశాడు. ముసలాయన మేకలను తోలుకుని కాలిబాట పట్టాడు. సాయంత్రం ఈ సంగతి షంషుద్దీన్ చెవిన పడింది. ఆ నియమం రద్దు చేయమని అతను అనలేదు. కమిటీ వాళ్లందర్నీ బస్సు మెట్ల దగ్గర కూర్చోబెట్టుకుని, నియమం పెట్టేముందు కామయ్యను అడిగారా అన్నాడు.

"అడగలా," అన్నాడు మాలకొండయ్య.

"మిమ్మల్ని ఎవురూ అడగలేదనే గదా ఇదంతా మొదలైంది."

మర్నాడు మాలకొండయ్యా ప్రేమానందమూ కామయ్య దొడ్డికి పోయి, సంత రోజు మేకలు టాపు మీద ఎలా కడితే ఎవరికీ ఇబ్బంది ఉండదో ఆయన్నే అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాతినుంచి ఊళ్లో మేకలున్న ఇంకో ఇద్దరు కూడా కమిటీ కూర్చున్నప్పుడల్లా వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

డెబ్భై తొమ్మిది మే నెలలో పెద్ద గాలివాన వచ్చింది. సముద్రం వైపు ఊళ్లకు జరిగినంత నష్టం ఈ కొండల వైపు జరగలేదు గానీ, కొండల్లో కుండపోతగా కురిసింది. ఆ రోజు షంషుద్దీన్ బస్సులో నారాయణయ్యా, ఆయన భార్య దేవకమ్మా ఉన్నారు. ఆమె కళ్లు చూపించుకోవడానికి ఆత్మకూరు పోయి వస్తున్నారు. సాయంత్రానికి బస్సు పాళెం చేరేసరికి, దారికి అడ్డంగా ప్రేమానందం నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు. తల మీద గోనె కప్పుకుని ఇంకో ఇద్దరు వాగు గట్టున కాపలా ఉన్నారు. వాగులో నీళ్లు ఇంకా మోకాళ్ల లోతే కనిపిస్తున్నాయి.

"ఈ మాత్రం నీళ్లు ఎన్నిసార్లు దాటలా? పోనీ సాయిబూ," అన్నాడు నారాయణయ్య. "ఇల్లు ఎదురుగా కనిపిస్తా ఉండాది."

ప్రేమానందం డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. వాన శబ్దంలో వినిపించేలా గట్టిగా, మర్యాదగానే చెప్పాడు. "పైన కొండమీద గొర్రెలు కాసేవాళ్లు కేకేసి చెప్పినారన్నా. నీళ్లు దిగొస్తా ఉండాయి. పరిచిన రాళ్లు కూడా కదిలినాయి. ఈ పొద్దు బస్సు దాటకూడదు."

నారాయణయ్య సీటులోంచి లేచాడు. ఊరి మునసబు మాట చెల్లుతుందా, పాళెం కుర్రవాడి మాట చెల్లుతుందా అన్న ప్రశ్న ఆయన మొహంలోనే కనిపించింది. షంషుద్దీన్ ఒక్క క్షణం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అతని బతుకంతా పెద్దవాళ్ల మాటకు బండి కదిల్చినదే. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"వాగు సంగతి కమిటీది మునసబయ్యా. వాళ్లు వద్దంటే నేను పోను."

కాసేపటికే హోరు వినిపించింది. ఎర్రటి నీళ్లు గట్టుదాకా లేచి, వేళ్లతో సహా పెకలించుకొచ్చిన చెట్టొకటి బస్సు దాటాల్సిన చోటునే తిరుగుతూ పోయింది. బస్సులో దేవకమ్మ చేతులు జోడించింది.

ఆ రాత్రి ప్రయాణికులంతా పాళెంలోని చిన్న పెంకుల చర్చి గుడిలో తలదాచుకున్నారు. మామూలు రోజుల్లో ఆ గుడిలోనే చిన్నపిల్లలకు బడి నడిచేది. పాళెంవాళ్లు గంజీ టీ కాచి ఇచ్చారు. నారాయణయ్య బస్సు దిగలేదు. ఏమీ ముట్టలేదు. దేవకమ్మ దిగింది. తడిసిన చీర కొంగు పిండుకుని గుడిలో చాప మీద కూర్చుంది. లిదియమ్మ ఇచ్చిన టీ తాగింది. మొగుడు పిలిచినా, కళ్లు కనిపించడం లేదు, చీకట్లో నేను నడవలేనని అక్కడే ఉండిపోయింది. తెల్లారి వాగు తగ్గాక, కుర్రాళ్లు చేతులు పట్టుకుని ఒక్కొక్కరినీ దాటించారు. నారాయణయ్య ప్రేమానందం భుజం పట్టుకునే దాటాడు. ఒడ్డెక్కాక థాంక్స్ లాంటి మాటేమీ అనలేదు. ఆ ఏడే ఊరికి బోరు వచ్చినప్పుడు, ఎక్కడ వేయించాలన్న మాట రాగానే ఆయనే, "ఆ పిలకాయల్ని కూడా పిలవండి," అన్నాడు. బోరు వాగుకు ఈవల, పాళెం వైపే పడింది.

తర్వాతి ఏళ్లలో అన్నీ మంచిగానే జరిగాయని చెప్పడానికి లేదు. కరువు ఏడు రాగానే మాలకొండయ్య పని వెతుక్కుంటూ బెంగుళూరు పోయాడు. ఇద్దరు ముగ్గురు సారా కొట్టు పాలయ్యారు. కమిటీ కొన్నాళ్లు పేరుకే ఉండింది. మళ్లీ కొత్త పిల్లలు పెద్దవాళ్లయి అందులోకి వచ్చారు. లిదియమ్మ పదో తరగతి పాసై పాళెం బాల్వాడీలో టీచరైంది. ఎనభై ఒకటిలో ప్రేమానందం పంచాయతీ మెంబరుగా గెలిచాడు. రాయెవరు వేశారో షంషుద్దీన్ ఎన్నడూ అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

ఎనభై ఆరుకల్లా అతనికి చూపు మందగించింది. బస్సు దిగేసి ఇంటి పట్టున ఉండసాగాడు. తెల్లగడ్డం వచ్చాక వీధిలో జనం అతన్ని పెద్దమనిషిగా లెక్కించి, మసీదు కమిటీలో కూర్చోబెట్టారు. మసీదు పక్కన ఒక గది ఏళ్ల తరబడి తాళం వేసి ఉండేది. అందులో పాత వంట డేగిసాలూ, జంపఖానాలూ తప్ప ఏమీ లేవు. ఒక శుక్రవారం నమాజు తర్వాత దాని మాట వచ్చినప్పుడు, షంషుద్దీన్ కొడుకు ఖలీలుల్లా లేచి నిలబడ్డాడు. అతను డిగ్రీ చదివి ఉద్యోగం లేక తిరుగుతున్నాడు. ఆ గది కుర్రాళ్లకు ఇస్తే తెలుగు, ఉర్దూ పత్రికలు తెప్పించి, పదో తరగతి తప్పినవాళ్లకు పాఠాలు చెప్పుకుంటామన్నాడు. ఊరికే తాళం వేసి పెట్టుకోవడం తెలివితక్కువ పని అని కూడా అన్నాడు.

"నువ్వు కూర్చోరా. పెద్దోళ్లు మాట్లాడతా ఉండారు," అన్నాడు షంషుద్దీన్.

ఖలీలుల్లా కూర్చోలేదు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అతని వెనకే ఇంకో నలుగురు లేచారు.

ఇంటికొచ్చాక బీబీజాన్ అన్నం వడ్డిస్తూ, కొడుకు ఎక్కడ అని అడిగింది. జరిగింది చెప్పాడు. వాడి మాట తీరు తనకు నచ్చలేదన్నాడు. ఆమె ఉర్దూలో తాపీగా, నల్లగుండ్లపల్లె పిల్లలు మునసబు ఎదుట ఎలా మాట్లాడారో నువ్వే ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పేవాడివి, వాళ్ల మాట తీరు బాగుండేదా అని అడిగింది. షంషుద్దీన్ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. ఊరివాళ్ల పిల్లలకు చోటిమ్మని అడగడం తేలికేనని, సొంత కొడుకు ఎదురుగా నిలబడితే అది ఎంత బరువో ఆ రోజు అర్థమైంది. నల్లగుండ్లపల్లె బడి వరండా మీద నారాయణయ్యకు ఎలా ఉండి ఉంటుందో కూడా తెలిసింది.

తర్వాతి శుక్రవారం తనే ఆ మాట ఎత్తాడు. కొడుకును పిలిచి చెప్పమన్నాడు. చివరిదాకా అడ్డు రాకుండా విన్నాడు. అతను చెప్పినవాటిలో సగం ఒప్పుకోలేదు, ఆ సంగతీ దాచలేదు. కొడుకూ తగ్గలేదు. కాసేపు తండ్రీ కొడుకుల వాదన విని జనం నవ్వుకున్నారు కూడా. చివరికి డేగిసాలు అటక మీదికెక్కించి గది ఇవ్వడానికి అందరూ ఒప్పుకున్నారు.

గదికి సున్నం కొట్టి, బల్లలు వేసి, పత్రికలు తెప్పించారు. మొదటి వారంలోనే కూర్చోవడానికి చోటు చాల్లేదు. షంషుద్దీన్ కూతురు దిల్షాద్ ఆ ఏడు ఇంటర్‌లో చేరింది. ఒక సాయంత్రం అన్నను, ఆడపిల్లలు ఎప్పుడు రావాలి అని అడిగింది. ఖలీలుల్లా తెల్లబోయాడు. ఆ సంగతి తాము అనుకోలేదన్నాడు. తండ్రి వైపు తిరిగి, ఏం చేద్దాం అబ్బా అన్నాడు.

"నన్నెందుకు అడగతావు?" అన్నాడు షంషుద్దీన్. "అడిగిన మనిషి నీ ఎదురుగానే ఉండాది."

దిల్షాద్ తన స్నేహితురాళ్లను కలిసి మాట్లాడి వచ్చింది. మధ్యాహ్నం నమాజు తర్వాతినుంచి సాయంత్రందాకా గది ఆడపిల్లలకు అని తేలింది. ఆ వేళప్పుడు తాళంచెవి ఆమె దగ్గర ఉండేది. షంషుద్దీన్ మధ్యాహ్నం నిద్ర లేచి అరుగు మీదికి వచ్చేసరికి, పుస్తకాలు గుండెకు హత్తుకుని ఆడపిల్లలు వీధి వెంట పోతూ సలాం చెప్పేవాళ్లు. అతనికి మసకగా కనిపించేవి ఆ ఆకారాలు. గొంతులను బట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేవాడు.